ముప్పై ఎనిమిది మందికి సరిపడే ఇసుక

బయలుదేరక ముందు

పదో తరగతి పిల్లలు అడిగింది సముద్రాన్ని. మా ఊరు జమ్మికుంటకు ఆరు మైళ్లు. అక్కడి నుంచి సముద్రం ఎంత దూరమో పిల్లలకు తెలియదు. తెలుగుతో పాటు భూగోళం కూడా చెప్పే నేను పటం మీద వేలు పెట్టి జరిపితే తప్ప చెప్పలేను. పుస్తకాల్లో చదివానే కానీ నేనూ సముద్రం చూడలేదు.

మా పెద్ద టీచరమ్మ పటం ముందు కాసేపు నిలబడి, "సముద్రం ఏడికెల్లి తెస్తం? మనకు గంగ లేదా? గంగ ఒడ్డుకు ఇసుక లేదా?" అంది. గోదావరిని మా వైపు గంగ అనే అంటాం. పిల్లలు కొంచెం గునిసి ఒప్పుకున్నారు. లలిత అనే పిల్ల మాత్రం ఒక షరతు పెట్టింది.

"టీచర్, ఇసుక తెల్లగుండాలె. సినిమాల సూపిస్తరు సూడుండ్రి, గట్ల."

అసలు షరతు పెట్టింది లలిత తండ్రి. ఆయన రాజలింగం, పత్తి వ్యాపారి. తల్లిదండ్రుల మీటింగులో ఆయన లేస్తే మిగతా వాళ్లు కూర్చుంటారు. మూడేళ్ల కింద పక్క ఊరి నుంచి గంగ స్నానానికి పోయిన పిల్లలిద్దరిలో ఒకరే తిరిగి వచ్చారు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ దాన్నే తలుచుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

"ఇద్దరు టీచర్లు ముందుగాల పోవాలె," అన్నాడాయన. "ఒడ్డు మీద నిలవడి సూసుడు గాదు. నీళ్లల్ల దిగాలె. దిగి, వచ్చి, మా ముందట నిలవడి వాళ్ల నోటితోని చెప్పాలె. అప్పుడు పంపుతం. లేకుంటె లేదు."

పరీక్షల తర్వాత ఈ ముప్పై ఎనిమిది మందిలో కాలేజీకి పోయేది ఏడెనిమిది మంది. మిగిలిన వాళ్లకు బడి తరఫున ఇదొక్కటే ప్రయాణం. పోయే టీచర్లలో ఒకరు కుట్టు పని నేర్పే మార్తమ్మ టీచర్. ఆమెకు యాభై ఏళ్లు, మోకాళ్ల నొప్పి, ఎవరంటే భయం లేదు. రెండో మనిషిని నేను. నన్ను ఎందుకు ఎంచారంటే నాకు కాదనడం రాదు. స్టాఫ్ రూములో మూడేళ్లలో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా నా డైరీలో ఒక పేజీ నిండదు. అలాంటి నేను మీటింగులో నిలబడి నోటితో చెప్పాలి. ఆ ఆలోచనతోనే సగం అలసిపోయి బస్సెక్కాను.

ధర్మపురి

శుక్రవారం మధ్యాహ్నం దిగాం. మాఘమాసం ఇంకా పోలేదు గాని ఎండ మాత్రం చైత్రం ఎండలాగే ఉంది. సత్రంలో గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి పేరు, ఊరు రాసుకుని, "గోత్రం?" అన్నాడు.

"మెథడిస్టు," అంది మార్తమ్మ టీచర్.

అతను కలం ఆపాడు. "గసువంటి గోత్రం ఇనలేదమ్మా."

"ఇనకుంటె గిప్పుడు ఇన్నవు గద. రాస్కో."

"మరి ఈ పిల్లది?"

"నా ఎంట వచ్చింది. నా కిందనే రాయి."

అతను రాశాడు. ధర్మపురి సత్రం పుస్తకంలో ఒక రాత్రికి నేను మెథడిస్టు గోత్రం దాన్ని.

ధర్మపురి మెట్లు యాత్రికులవి. ఒక పక్క తలనీలాలు, ఒక పక్క పిండాలు, మధ్యలో తడి చీరలు రెండు కొసలా పట్టుకుని ఆరబెట్టే ఆడవాళ్లు. మా ఊళ్లో చీర ఆరబెట్టాలంటే దండెం కావాలి. ఇక్కడ ఇద్దరు మనుషులుంటే చాలు, ఆ ఇద్దరూ ఒకరికొకరు తెలియకపోయినా సరే. ఒకామె నన్ను చూసి, "ఊకె నిలవడ్డవేంది, గీ కొస పట్టు" అని తన చీర కొస నా చేతిలో పెట్టింది. ఆమెది నిజామాబాదు వైపు. చీర ఆరేలోపు కొడుకు మొక్కు, కోడలి కోపం, మనవడి దగ్గు అన్నీ చెప్పింది. నేను ఊఁ కొట్టాను. చీర ఆరగానే మడతపెట్టుకుని, నా పేరు కూడా అడక్కుండా వెళ్లిపోయింది.

ఒక మంగలి మార్తమ్మ టీచర్ వెంట పడ్డాడు. "అవ్వా, తలనీలాలా?"

"ఉన్నయే నాలుగెంటికలు. గవి గూడ నీకే ఇయ్యాల్నా?"

మెట్ల మీద పాచి. మూడో మెట్టు దగ్గర నా కాలు జారింది, మెట్ల పక్కన కట్టిన గొలుసు పట్టుకుని ఆగాను. నీళ్ల మీద పూలు, ఆకులు, జుట్టు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఇక్కడ ఎగిరితే ఎవరి మొక్కులో ఎవరు పడతారో తెలియదు. డైరీలో "ధర్మపురి: కాదు" అని రాసి, గుడి దగ్గర కొన్న పులిహోర తిని, కాళ్లు చాపుకుని పడుకున్నాం.

అవతలి ఒడ్డు

శనివారం పొద్దున పడవెక్కి ఆదిలాబాదు జిల్లాలోకి దాటాం. మనిషికి అర్ధ రూపాయి, మేకకు పావలా. మార్తమ్మ టీచర్ నన్ను చూపించి పడవాయనతో, "గీ పిల్ల మాట్లాడది. మేక కింద లెక్క కట్టు," అంది. పడవలో అందరూ నవ్వారు. పడవాయన నా ముఖం చూసి, "మేకన్నా అరుస్తది తల్లీ," అన్నాడు. నేను అర్ధ రూపాయే ఇచ్చి నీళ్ల వంక చూస్తూ కూర్చున్నాను.

ఆ ఒడ్డు వెంట కిందికి నడిచాం. ఎంత నడిచామో మైళ్లలో చెప్పలేను, మడమల మీద పొక్కుల్లో చెప్పగలను. కుడి కాలికి రెండు, ఎడమ కాలికి ఒకటి. మొదటి రేవు నిండా రాళ్లు. రెండోచోట చాకలి బండలు, పక్కనే చచ్చిన బర్రె. మూడోచోట ఒడ్డు గోడలా నిలువుగా ఉంది. దిగితే ఎక్కలేం. మార్తమ్మ టీచర్ గొడుగు వేసుకుని, పది అడుగులకొకసారి ఆగి, "ప్రభువా, గీ మోకాళ్లు నువ్వే ఇచ్చినవు, నువ్వే నడిపియ్యి," అంటూ వచ్చింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక గుడిసె ముందు ఆగాం. బీడీలు చుడుతున్న ఒకామె చేట పక్కన పెట్టి మక్క గట్క, అంటే మొక్కజొన్న సంకటి, చల్ల పెట్టింది. మా దగ్గరున్న సర్వపిండి ముక్క ఆమెకిచ్చాం. డబ్బులిస్తే తీసుకోలేదు.

"ఏం పనికి వచ్చిండ్రు?"

"ఇసుక సూడనీకి," అంది మార్తమ్మ టీచర్.

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "ఇసుక సూస్తే జీతమిస్తున్నరా? మా ఊరోళ్లకు గూడ ఇప్పియ్యరాదు?"

తెల్ల ఇసుక

పొద్దు వాలుతుండగా అది కనబడింది. గంగ అక్కడ పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు లోపల అంతా ఇసుక, ఉప్పులాగా తెలుపు. ఒక ముల్లు లేదు, పేడ ముద్ద లేదు, మనిషి అడుగు లేదు. గాలి గీసిన గీతలు మాత్రమే ఉన్నాయి. నీళ్లు అంచున పలచగా వచ్చి పోతున్నాయి. పుస్తకాల్లో చదివిన సముద్రతీరాలన్నీ అలాగే ఉంటాయని నేను అనుకునేదాన్ని. రెండు రోజుల అలసట ఒక్క నిమిషం మరిచిపోయాను. మార్తమ్మ టీచర్ చెప్పులు విడిచి కూర్చుని, ఇసుక దోసిట్లోకి తీసుకుని, "లలితకు జూపియ్యాలె దీన్ని," అంది.

ఒడ్డున కాళ్లు కడుక్కున్నాం. "లోపలికి దిగలేదు గద టీచర్," అన్నాను.

"రేపు పొద్దుగాల దిగుదం బిడ్డా. పొద్దు పోతంది."

మైలున్నర దూరంలో రోడ్డు. కరీంనగర్ పోయే బస్సు వస్తే మార్తమ్మ టీచర్ చెయ్యెత్తి ఆపి, డ్రైవరు చేతిలో చిట్టీ పెట్టింది. మా వైపు పోస్టు కన్నా డ్రైవరు చేతి చిట్టీ ముందు పోతుంది. కరీంనగర్ బస్టాండులో మా ఊరి బస్సు డ్రైవరుకు అందితే, పొద్దున్నే అది పెద్ద టీచరమ్మ ఇంటికి చేరుతుంది. అందులో రాసింది ఇంతే: "స్థలం దొరికింది. తెల్ల ఇసుక. పిల్లలకు చెప్పండి." కింద ఇద్దరి సంతకాలు. రెండోది నాది. వద్దు, రేపు దిగి చూశాక రాద్దాం అనుకున్నాను. అనుకున్నది నోటి దాకా వచ్చేసరికి బస్సు కదిలింది.

ఆదివారం

రోడ్డు పక్క ఊళ్లో మార్తమ్మ టీచర్‌కు చర్చి బంధువులున్నారు, కూలి చేసుకునే కుటుంబం. గంగ మైలున్నర దూరమే అయినా వాళ్లకు దానితో పని లేదు. పొద్దున్నే ఇంటి ముందు ప్రార్థన మొదలైంది. మార్తమ్మ టీచర్ పాట ఎత్తుకుంది. అది ముగిసేసరికి ఎండెక్కుతుంది. పైగా నలుగురు చూస్తుండగా చీర ఎత్తి నీళ్లలో దిగడం నాకు సిగ్గు. ఎవరూ లేనప్పుడే దిగి చూసొద్దామని ఒక్కదాన్నే పోయాను.

నిన్న కాళ్లు కడుక్కున్న కొసను వదిలి వంపు మధ్యకు నడిచాను. నీళ్లకు ఇంకా పది అడుగులుందనగా పాదం దిగింది. తడి ఇసుక కదా అనుకుని రెండో అడుగు వేశాను, పిక్క దాకా పోయింది. మొదటి కాలు లాగబోతే రెండోది మోకాలు దాటింది. కింద గట్టిది ఏదీ తగలలేదు. తొడల దాకా వచ్చేసరికి కదలడం మానేశాను. చుట్టూ ఇసుక అంతే తెల్లగా, అంతే అందంగా ఉంది. కేక వెయ్యాలని తెలుసు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఈ ఇసుక మీదికి ఒక్కసారిగా పరుగెత్తడం కళ్ల ముందు కనబడింది. అప్పుడు అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"నిలవడకు!" అని ఎవరో అరిచారు. "పండుకో! ఎల్లెలుకల పండుకో, చేతులు సాపు!"

పొడుగాటి వెదురుకట్టె పట్టుకుని ఒకామె వస్తోంది. పరుగెత్తడం లేదు. కట్టెతో ముందర పొడుచుకుంటూ, ఒక్కో అడుగు చూసి వేస్తోంది. నేను వెల్లకిలా పడుకున్నాను. కట్టె నా పక్కన పడేసి, తనూ బోర్లా పడుకుని నా చేయి పట్టింది.

"లాగకు. కాలు ఊపు. మెల్లగ, చెర్నాకోల ఊపినట్టు ఊపు. ఫికరు జెయ్యకు, గీ ఇసుకకు తొందర లేదు."

ఎంతసేపు పట్టిందో తెలియదు. చెప్పులు, ఒక కాలి పట్టీ లోపలే ఉండిపోయాయి. గట్టి నేల మీద కూర్చోబెట్టి ఎవరని అడిగితే, బడి పంతులమ్మనన్నాను. అప్పుడు ఆమె తిట్టడం మొదలుపెట్టింది.

"పంతులమ్మవా? సదువుకున్నోళ్లకు ఇసుక మీద రాసుంటదా ఈడ దిగుండ్రి అని?"

"మస్తు శుభ్రంగున్నదని..."

"శుభ్రంగెందుకుంటది? ఎవ్వరు రాలే గన్క శుభ్రంగున్నది. నిరుడు గంగ ఈడికెల్లే పారింది. కొత్త ఇసుక. పసులు రాని ఇసుకల మనుషులు దిగుతరా?"

ఇంత చిన్న మాట మా ఇద్దరికీ తట్టలేదు. ఊళ్లో వాకిలి ఊడ్చి ముగ్గేసిన ఇంటినే మంచి ఇల్లనుకునే వాళ్లం. గంగ దగ్గర కూడా ఊడ్చినట్టున్న చోటునే మంచిదనుకున్నాం.

ప్రార్థన ముగించుకుని వచ్చిన మార్తమ్మ టీచర్ నడుం దాకా బురదతో ఉన్న నన్ను చూసి గొడుగు కింద పడేసింది. ఒక్క మాట కూడా మాట్లాడకుండా తన కొంగుతో నా కాళ్లు తుడిచింది. ఆమె మాట్లాడకుండా ఉండడం నేను అదే మొదటిసారి చూడడం.

రాజవ్వ ఇసుక

ఆమె పేరు రాజవ్వ. వంపు దాటి కిందికి పోతే ఆమె పుచ్చకాయల తోట. ఏటా గంగ తగ్గాక ఇసుకలో గుంతలు తీసి, పెంట వేసి, గింజలు పెడుతుంది. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది, పెంట కంపు కొడుతుంది. చుట్టూ ముళ్లకంప. ఊరి పశువులు రోజూ అటునుంచే నీళ్లకు దిగుతాయి. లలిత అడిగిన ఇసుకకు ఇంతకన్నా దూరమైనది ఇంకోటి ఉండదు.

దాహమంటే ఆమె ఇసుకలో చేత్తో గుంత తీసింది. దాన్ని చెలిమె అంటాం. మొదట ఊరిన మురికి నీళ్లు తోడి పోసి, తేట నీళ్లు ఊరాక చిప్పతో ఇచ్చింది. మా బావి నీళ్ల కన్నా తియ్యగా ఉన్నాయి. చిన్న కాయ ఒకటి కోసింది. లోపల ఇంకా గులాబీ రంగే, చప్పగా ఉంది. ఇద్దరం మొత్తం తినేశాం.

మా పని విని, "ఈడ దింపుండ్రి పిల్లలను. మూడేండ్ల సంది పసులు తొక్కిన ఇసుక," అంది. "ఒక్కటే మాట. నా తీగెలు తొక్కిన పిల్లను నేనే గంగల ముంచుత."

"అవ్వా, నేను దిగి సూడాలె," అన్నాను. మార్తమ్మ టీచర్ వద్దంది. నా కాళ్లు కూడా వద్దనే అన్నాయి. రాజవ్వ కట్టె నా చేతికిచ్చింది. "ముందుగాల పొడువు. గట్టిగుంటేనే అడుగెయ్యి."

పొడుచుకుంటూ దిగాను. పాదం, పిక్క, మోకాలు. అక్కడ నీళ్లు ఆగాయి. నలభై అడుగులు పోయినా మోకాలు దాటలేదు, కింద ఎద్దు గిట్టల గుంతలు పాదానికి తగులుతూనే ఉన్నాయి. ఎడమకు, కుడికి కూడా అంతే దూరం పోయి చూశాను. ఆ మధ్యాహ్నమంతా అదే పని. ఒడ్డుకు వచ్చి తోట పక్కన అలాగే పడుకుని నిద్రపోయాను.

తిరుగు బస్సు

సోమవారం బస్సులో మార్తమ్మ టీచర్ ఒక్కటే మాట మళ్లీ మళ్లీ చెప్పింది.

"మునిగినవని చెప్పకు బిడ్డా. చోటు మార్చినమని చెప్పు, సాలు. మునిగినవని తెలిస్తె రాజలింగం అసలు పంపడు. పోరగాండ్ల ఉసురు మనకు తాకుతది."

ఆమె చెప్పింది నిజమే. మునిగిన సంగతి చెబితే ప్రయాణం ఆగిపోవచ్చు. చెప్పకపోతే ఎవరో ఒకరు, 'తెల్ల ఇసుక దొరికిందన్నరు గద, అటే పోదాం' అంటే ఏమని ఆపాలి? కరీంనగర్ దాకా ఆలోచించాను. అక్కడ టీ తాగాం, ముప్పై పైసలు. ఆ తర్వాత ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది.

బడికి చేరేసరికి నల్లబల్ల మీద రంగు సుద్దలతో నీలం నీళ్లు, తెల్ల ఇసుక, గొడుగులు గీసి ఉన్నాయి. చిట్టీ నిన్ననే అందింది. సాయంత్రం మీటింగు. రాజలింగం లేచి, "చెప్పుండ్రి," అన్నాడు. మార్తమ్మ టీచర్ లేవబోయింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి లేచాను.

"చిట్టీల రాసిన చోటు వద్దు," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "గా చోటు వద్దు. ఆడ ఇసుకల నేను మునిగిన. తొడల దాంక."

 వెనక నుంచి ఒక తల్లి, "అవ్వో," అంది.

"మునిగినవా?" అన్నాడు రాజలింగం.

"మునిగిన. ఒకామె తీసింది. ఆమెనే ఇంకో చోటు సూపిచ్చింది. ఆడ దిగిన."

"మునిగినంక మల్ల దిగినవా?"

"దిగిన. నలభై అడుగులు. అటు నలభై, ఇటు నలభై. మోకాలు దాటలే."

"మునిగిన సంగతి చెప్పకుంటె మాకు తెల్వకపోవు."

"మీరు నోటితోని చెప్పుమన్నరు," అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూశాడు. నేను తల దించలేదు. ధైర్యంతో కాదు, మెడ కదిలించే శక్తి లేక. "నువ్వు నీళ్లల్ల నిలవడ్తవా, మా పిల్లలు ఉన్నంతసేపు?"

"నిలవడ్త."

"అయితె పోండ్రి," అని కూర్చున్నాడు.

ముప్పై ఎనిమిది మంది

శనివారం చీకటితోనే బయలుదేరి ఎండెక్కేసరికి చేరాం. బస్సు దిగి, తెల్ల ఇసుక కనబడకుండా ఊరి పశువుల దారిలో నడిచొచ్చిన పిల్లలు ముళ్లకంప దగ్గర ఆగిపోయారు.

"గిదేం ఇసుక టీచర్? పెండ కంపు కొడుతంది."

"గీ తర్బూజల తోటకా మమ్ములను తోలుకొచ్చింది?"

"మా ఊరి చెరువే నయముండె."

లలిత నాతో మాట్లాడలేదు. రాజవ్వ కట్టె పట్టుకుని తీగెల దగ్గర కాపలా నిలబడింది. మార్తమ్మ టీచర్ ఒడ్డున అన్నం మూటల దగ్గర కూర్చుంది. నేను నలభయ్యో అడుగు దగ్గర, మోకాలి లోతు నీళ్లలో, ఒడ్డు వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. కాసేపటికి పిల్లలు కంపు మరిచి దిగారు, నీళ్లు చల్లుకున్నారు, చెలిమెలు తీశారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. గంగ నా వెనక ఎలా పారిందో నేను చూడలేదు. తలలు లెక్కపెడుతూనే ఉన్నాను. ఒకసారి ముప్పై ఏడే వచ్చాయి.  చూస్తే, ఒక పిల్ల రాజవ్వ తోటలో కాయ కోసి దొరికిపోయి తిట్లు తింటోంది.

తిరుగు బస్సులో మళ్లీ అలకలు మొదలయ్యాయి. పక్క బడి వాళ్లు హైదరాబాదు పోయొచ్చారని ఒకతె, మనకు పెంట దిబ్బ చూపించారని ఇంకొకతె. సగం దారిలో లలిత లేచి వచ్చి నా సీటు పక్కన నిలబడింది.

"టీచర్, గా తెల్ల ఇసుక మీరు సూసిండ్రు గద. ఎట్లుండె?"

అబద్ధం చెప్పొచ్చు. "మస్తుండె," అన్నాను. "అసువంటిది నేను ఎన్నడు సూడలే."

తను పెదవి బిగించి వెళ్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను సీటు పట్టుకుని లేచి, ముందు నుంచి వెనక దాకా మళ్లీ లెక్కపెట్టాను. నిద్రపోయిన ముఖాలు తొమ్మిది, అలిగిన ముఖాలు ఇరవై తొమ్మిది.